అద్దకం నీళ్లకు వెలుగు మందు: కార్బన్ నైట్రైడ్–టైటానియా హైబ్రిడ్ పొడి తయారీ, పరీక్ష

పట్టు చిలపలకు అద్దే రంగులు ఎండకూ సబ్బుకూ వెలవకూడదనే తయారుచేసినవి. చీరకు అది గుణం, కాలవకు అదే దోషం. బరంపురంలో తొట్టి వంచేశాక చిలపకు పట్టని రంగు కాలవలో రోజుల తరబడి అలాగే ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని అంత సులువుగా తినలేవు. పటిక వేస్తే రంగు బురదలోకి దిగుతుంది, అంతే. ఇక్కణ్ణుంచి అక్కడికి మారింది, పోలేదు. రంగు అణువునే ముక్కలు చేసే దారుల్లో ఒకటి కాంతి ఉత్ప్రేరకం, అంటే వెలుగు తగిలినప్పుడు రసాయన చర్యను నడిపించే పదార్థం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో పీజీ ప్రాజెక్టు చేసేవాళ్లూ, సొంత అద్దకం యూనిట్ ఉండి ఒక ట్రే స్థాయిలో ప్రయత్నించాలనుకునేవాళ్లూ ఇద్దరూ వాడుకునేలా ఇది రాస్తున్నాం. యూనిట్ మొత్తం నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు ఇది కాదు. 100 మిల్లీలీటర్లతో మొదలై ఒక పళ్లెం దాకా వెళ్తుంది.

రెండు పదార్థాలు ఎందుకు

టైటానియం డయాక్సైడ్ (టైటానియా) మీద అతినీలలోహిత కాంతి పడితే నీరు విడిపోతుందని 1972లో ఫుజిషిమా, హోండా చూపించారు. పదార్థం చవక, విషం కాదు, నీళ్లలో కరగదు. చిక్కల్లా దాని శక్తి అంతరంతోనే, అంటే ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావలసిన కనీస శక్తితోనే. అనటేజ్ అనే స్ఫటిక రూపానికి అది 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 387 నానోమీటర్ల కన్నా పొడవైన తరంగాలను అది పట్టించుకోదు. ఎండలో అతినీలలోహితం వాటా సుమారు 4–5 శాతమే. మిగతా వెలుగంతా దానికి వృథా.

గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ లేత పసుపు పొడి. అంతరం 2.7, అంటే దాదాపు 460 నానోమీటర్ల దాకా నీలి వెలుగును తీసుకుంటుంది. దీని లోపం వేరు. వెలుగు తగిలి పుట్టిన ఎలక్ట్రానూ, అది వదిలిన ఖాళీ చోటూ క్షణంలో మళ్లీ కలిసిపోతాయి, పని జరగదు. రెండు పొడులూ గట్టిగా అతుక్కుని ఉంటే ఎలక్ట్రాన్ ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి జారిపోతుంది, తిరిగి కలవడం తగ్గుతుంది. ఆ వ్యవధిలో అది నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను పట్టుకుని సూపర్ఆక్సైడ్ అనే చురుకైన రూపంగా చేస్తుంది. రంగు అణువును కొరికేది ముఖ్యంగా అదే. కాబట్టి ఈ పని మొత్తంలో అసలు కిటుకు అతుకులో ఉంది. రెండు పొడులను కల్వంలో నూరి కలిపితే హైబ్రిడ్ అనిపించుకోదు.

ఒక ముచ్చట: ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ తవ్వే తీరపు ఇసుకలో ఇల్మనైట్ ఉంది, టైటానియానికి ముడిఖనిజం అదే. ఖనిజం గుమ్మంలోనే ఉన్నా, దాన్నుంచి టైటానియా తీయడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లమో క్లోరినో వాడే పెద్ద ఫ్యాక్టరీ కావాలి. కాబట్టి మనం సీసాలో కొన్న టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌తోనే మొదలుపెడదాం.

మొదటి మెట్టు: కార్బన్ నైట్రైడ్

కావలసింది ల్యాబ్ గ్రేడ్ యూరియా. ఎరువుల కొట్లో బస్తా జోలికి వెళ్లొద్దు. అది వేపనూనె పూసిన యూరియా, పొడి గోధుమరంగుకు తిరుగుతుంది. పైగా సబ్సిడీ యూరియాను వ్యవసాయేతర పనికి మళ్లించడం నేరం.

మూత ఉన్న 100 మిల్లీలీటర్ల అల్యూమినా క్రూసిబుల్ రెండు తీసుకోండి. ఒక్కోదానిలో 20 గ్రాముల యూరియా పోయండి. సగానికి మించి నింపొద్దు, కరిగాక పొంగుతుంది. మూత పెట్టి, పైన అల్యూమినియం రేకు రెండు చుట్లు చుట్టండి. ఆ రేకు 660 డిగ్రీల దాకా కరగదు, భయం లేదు. మఫుల్ ఫర్నేసులో (మూసిన విద్యుత్ కొలిమి) నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 550 డిగ్రీలకు ఎక్కించి 3 గంటలు ఉంచండి. తనంతట తానే చల్లారనివ్వాలి. దారిలో అమ్మోనియా, ఐసోసయనిక్ ఆమ్లం వాయువులు బాగా వస్తాయి. ఫర్నేసు గొట్టం బయటికి ఉండాలి, లేదా ఎగ్జాస్టు కింద పెట్టాలి. కిటికీ తెరిస్తే చాలుననుకోవద్దు.

40 గ్రాములు పోస్తే చేతికొచ్చేది 2 గ్రాముల లోపే. చాలామంది ఇక్కడే ఏదో తప్పు చేశామని కంగారుపడతారు. తప్పేమీ లేదు, యూరియా దిగుబడే అంత. మెలమైన్‌తో చేస్తే దాదాపు సగం బరువు మిగులుతుంది, కానీ గట్టి ముద్దలా వస్తుంది, ఉపరితలం చాలా తక్కువ. ఆ ముద్దను పలచన చేయడానికి మళ్లీ 500 డిగ్రీల దగ్గర తెరిచిన పళ్లెంలో కాల్చాలి, అప్పుడు మళ్లీ చాలా భాగం పోతుంది. మొత్తం మీద యూరియానే నయం.

రంగు చూసి చాలా చెప్పొచ్చు. శనగపిండి కన్నా లేత పసుపు, వేళ్ల మధ్య దూదిలా తేలికగా ఉంటే సరైనది. తెల్లగా ఉంటే వేడి చాలలేదు, మధ్యదశ పదార్థం మెలెం దగ్గరే ఆగింది. మళ్లీ మూత పెట్టి 550 దగ్గర 2 గంటలు ఉంచితే దారికొస్తుంది. గోధుమరంగు వస్తే యూరియాలోనో క్రూసిబుల్‌లోనో మలినం ఉంది. క్రూసిబుల్ అడుగున ఏమీ మిగలకపోతే మూత వదులైంది, లేదా ఫర్నేసు చూపే అంకె అబద్ధం. 600 దాటితే ఈ పదార్థం కరిగిపోతున్నట్టు తగ్గిపోతుంది, 700కి అసలు ఉండదు. పాత ఫర్నేసులు 30–40 డిగ్రీలు తేడా చూపడం మామూలే, వేడి కొలిచే వేరే తీగ, థర్మోకపుల్‌తో ఒకసారి సరిచూసుకోండి.

వేసవి గాలివానలకు కరెంటు పోయే రోజులున్నాయి. 550కి చేరి గంట గడిచాక పోతే తలుపు తీయకండి. ఇటుక వేడి కాసేపు పట్టి ఉంచుతుంది, కరెంటు రాగానే మిగతా సమయం పూర్తిచేస్తే సరిపోతుంది. 300–450 మధ్య ఎక్కుతుండగా పోతే మాత్రం ఆ బ్యాచ్ వేరుగా రాసుకోండి. మళ్లీ కాల్చి రంగు సరిపోయినా, మొదటి బ్యాచ్‌తో కలపొద్దు.

పొడిని అగేట్ కల్వంలో నూరి, వెచ్చని నీళ్లతో రెండుసార్లు, ఇథనాల్‌తో ఒకసారి కడిగి 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

రెండో మెట్టు: టైటానియా అతికించడం

లెక్క ముందు. టైటానియం ఐసోప్రొపాక్సైడ్ అణుభారం 284.2, సాంద్రత 0.96. టైటానియం డయాక్సైడ్ అణుభారం 79.9. అంటే 1 మిల్లీలీటరు ద్రవం నుంచి 0.27 గ్రాముల టైటానియా వస్తుంది. దానికి 0.63 గ్రాముల కార్బన్ నైట్రైడ్ తీసుకుంటే మొత్తం 0.9 గ్రాములు, అందులో టైటానియా 30 శాతం. మొదటి ప్రయత్నానికి ఈ పాళ్లే తీసుకోండి. తర్వాత 10, 20, 50 శాతాలతో చేసి పోల్చుకోండి. టైటానియా మరీ ఎక్కువైతే పసుపు పొడిని కప్పేసి వెలుగు అందనివ్వదు, మరీ తక్కువైతే అతుకులు చాలవు.

ఇక్కడ మనకు అసలు శత్రువు గాలిలో తేమ. ఐసోప్రొపాక్సైడ్ నీటి ఆవిరి తగలగానే తెల్లని ముద్ద కడుతుంది, గోపాలపూర్ వైపు తీరపు గాలిలో సిరంజి మొన దగ్గరే గడ్డకడుతుంది. గాజుసామాను 110 డిగ్రీల ఓవెన్‌లో గంట ఉంచి, వేడి తగ్గగానే వాడండి. సిరంజి కూడా పొడిగా ఉండాలి. వానాకాలంలో ఈ ఒక్క మెట్టునూ ఏసీ గదిలో చేయడం మంచిది.

బీకరు ఒకటి: 40 మిల్లీలీటర్ల నిర్జల ఇథనాల్‌లో 0.63 గ్రాముల కార్బన్ నైట్రైడ్ వేసి గంటసేపు సోనికేట్ చేయండి, అంటే అల్ట్రాసౌండ్ నీళ్ల తొట్టిలో పెట్టి పొడిని విడదీయండి. నీళ్లు వేడెక్కితే మంచుగడ్డలు వేస్తుండాలి. అడుగున పొడి పేరుకోకుండా పాలలా నిలవాలి. బీకరు రెండు: 20 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో అర మిల్లీలీటరు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, దానిలోకి 1 మిల్లీలీటరు ఐసోప్రొపాక్సైడ్ చుక్కలుగా. ఆమ్లం టైటానియాన్ని పట్టుకుని ఉంచుతుంది, తొందరపడి గడ్డకట్టనివ్వదు. ఈ ద్రావణం నీళ్లలా తేటగా ఉండాలి. ముగ్గు కలిపినట్టు కనిపిస్తే పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. ముందుకెళ్తే టైటానియా విడిగా రేణువులై పోతుంది, పసుపు పొరల మీద కూర్చోదు.

రెండో బీకరును మొదటిదానిలోకి, కలుపుతూ, 20 నిమిషాల మీద పోయండి. అర గంట తిప్పాక 10 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 1 మిల్లీలీటరు డిస్టిల్డ్ వాటర్ కలిపి అర గంట మీద చుక్కచుక్కగా వదలండి. జలవిశ్లేషణ అంతా ఇక్కడే. ఓపిక పట్టినంత బాగుంటుంది, గబగబా పోస్తే ఆ రోజు పని పోయినట్టే. రెండు గంటలు తిప్పి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, నూరి, మూత పెట్టిన క్రూసిబుల్‌లో నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 450కి ఎక్కించి 2 గంటలు కాల్చండి. ఇథనాల్ తడి ఉండగా ఫర్నేసులో పెట్టొద్దు, అంటుకుంటుంది. 450 మించొద్దు. పక్కన టైటానియా ఉన్నప్పుడు కార్బన్ నైట్రైడ్ మామూలు కన్నా తక్కువ వేడికే ఆక్సిజన్‌తో కాలడం మొదలవుతుంది. చల్లారాక తూచండి. 0.9 గ్రాములకు బాగా తగ్గితే కాలిపోయింది పసుపు పొడే, మీ 30 శాతం ఇక 30 కాదు.

మెత్తటి పొడి తూచేటప్పుడు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వాడండి. ఫ్యాను ఆపేయండి.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ఫటిక పరీక్ష) తీయించగలిగితే 27.4 డిగ్రీల దగ్గర కార్బన్ నైట్రైడ్, 25.3 దగ్గర అనటేజ్ శిఖరాలు కనిపించాలి. ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతి పరీక్ష) 810 సెం.మీ⁻¹ దగ్గర సన్నని పట్టీ ఉంటే కార్బన్ నైట్రైడ్ నిలిచినట్టు. ఈ రెండూ చాలు మొదట్లో. ఫొటోలకని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర డబ్బు ముందే ఖర్చుపెట్టడం తొందరపాటు.

మూడో మెట్టు: దీపం

జెనాన్ దీపం లేకపోతే పని ఆగదు. కరెంటు సామాన్ల కొట్లో దొరికే 50 వాట్ల ఎల్ఈడీ ఫోకస్ లైటు సరిపోతుంది. కొనేటప్పుడు తెల్లటి 6500 కెల్విన్‌దే అడగండి, పసుపు 3000 కెల్విన్‌ది కాదు. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది 450 నానోమీటర్ల నీలి చిప్పే, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. మన పొడి తినేది ఆ నీలి శిఖరాన్నే. పసుపు లైటులో అది బాగా చిన్నది. కంటికి రెండూ ఒకేలా ప్రకాశంగా కనిపిస్తాయి, పొడికి అలా కాదు. ఇంకో లాభం: ఇందులో అతినీలలోహితం దాదాపు ఉండదు కాబట్టి వేరే ఫిల్టరు అక్కర్లేదు. హాలోజన్, జెనాన్ వాడితే 420 నానోమీటర్ల కట్-ఆఫ్ ఫిల్టరు తప్పనిసరి. ఎండలో పెట్టి చేసిన ప్రయోగాన్ని దృశ్యకాంతి ప్రయోగమని రాయకండి, అందులోని 4–5 శాతం అతినీలలోహితంతో టైటానియా తన వాటా తాను చేసేస్తుంది.

లైటుకూ ద్రావణం పైభాగానికీ 15 సెంటీమీటర్లు. ఆ దూరం స్టాండు మీద గీత గీసి పెట్టుకోండి. బీకరు చుట్టూ చల్లనీళ్ల గిన్నె, లోపల థర్మామీటరు. 25–30 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో కుళాయి నీళ్లే అంతకన్నా వేడిగా వస్తాయి, ఐసు సిద్ధంగా పెట్టుకోండి. అక్వేరియం గాలి పంపుతో సన్నగా గాలి వదలండి. ఆక్సిజన్ లేకపోతే సూపర్ఆక్సైడ్ లేదు.

నాలుగో మెట్టు: పరీక్ష, అందులోని మోసాలు

లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ (పరీక్షలకు వాడే నీలి రంగు) ద్రావణం 100 మిల్లీలీటర్లు, పొడి 50 మిల్లీగ్రాములు. 5 నిమిషాలు సోనికేట్ చేసి, చీకట్లో 45 నిమిషాలు కలపండి. రంగు పొడికి అంటుకోవడం ఇక్కడే పూర్తికావాలి. చీకట్లో 30, 45 నిమిషాల నమూనాలు ఒకే విలువ చూపితేనే లైటు వేయండి. ఆ విలువే మీ మొదటి గాఢత. సీసాలో పోసిన 10ని మొదటి గాఢతగా తీసుకుంటే పొడికి అంటుకున్న రంగునంతా వెలుగు ఖాతాలో రాసినట్టవుతుంది. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో గొప్ప అంకెలు ఈ దారినే వస్తాయి.

ప్రతి 15 నిమిషాలకు 4 మిల్లీలీటర్లు తీసి సెంట్రిఫ్యూజ్ చేసి, స్పెక్ట్రోఫోటోమీటరులో 664 నానోమీటర్ల దగ్గర శోషణ (ద్రావణం పీల్చుకున్న వెలుగు కొలత) చదవండి. సిరంజి ఫిల్టరు వాడొద్దు, మిథిలీన్ బ్లూ చాలా పొరలకు అతుక్కుంటుంది. ప్లాస్టిక్ క్యువెట్‌కూ అంతే. 10 మిల్లీగ్రాముల ద్రావణం శోషణ 2 దాటుతుంది. సాధారణ స్పెక్ట్రోఫోటోమీటరు అక్కడ సరళరేఖలో ఉండదు. 1 మిల్లీలీటరును 4కి పలచన చేసి చదివి, నాలుగుతో గుణించండి.

మొదటి గాఢతను ఆ క్షణం గాఢతతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, సమయంతో గీస్తే సరళరేఖ రావాలి. వాలే వేగ స్థిరాంకం. 40 నిమిషాల్లో సగానికి పడితే 0.693ను 40తో భాగించండి, నిమిషానికి 0.0173.

పక్కన ఈ ఐదు తోడు బీకర్లు లేకుండా ఏ అంకే నమ్మొద్దు: పొడి లేకుండా లైటు, లైటు లేకుండా పొడి, ఒట్టి కార్బన్ నైట్రైడ్, ఒట్టి టైటానియా, 70:30 పాళ్లలో ఊరికే కలిపిన మిశ్రమం. హైబ్రిడ్ ఆ చివరి మిశ్రమాన్ని స్పష్టంగా దాటకపోతే అతుకు పడలేదన్నమాట. రెండో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

మిథిలీన్ బ్లూ రెండు రకాల మోసం చేస్తుంది. అది తానే దృశ్యకాంతిని పీల్చుకుని ఎలక్ట్రాన్‌ను టైటానియాకు ఇస్తుంది, పొడికి గొప్పతనం లేకున్నా రంగు తగ్గుతుంది. అందుకే రంగు లేని ఫీనాల్‌తోనో సాలిసిలిక్ ఆమ్లంతోనో ఒకసారి చేయాలి. రెండోది ఇంకా చిలిపిది: ఆక్సిజన్ తక్కువైతే అది రంగులేని ల్యూకో రూపంలోకి మారిపోతుంది. తెల్లబడిన నమూనాను పొడి తీసేశాక చిన్న సీసాలో సగం పోసి, గాలి ఆడేలా బాగా కుదిపి, మూత తీసి రాత్రంతా ఉంచండి. పొద్దున అంచుల దగ్గర నీలి ఛాయ తేలితే రంగు విరగలేదు, దాక్కుంది.

రోడమీన్ బి అనే గులాబీ రంగు వాడితే శిఖరం ఎత్తు ఒక్కటే చూడకండి. 554 నుంచి 498 నానోమీటర్ల వైపు జరుగుతుంటే అణువు చివరి ఇథైల్ గుంపులు మాత్రమే రాలుతున్నాయి, మధ్య చట్రం ఇంకా ఉంది. రంగు పోవడం వేరు, కాలుష్యం పోవడం వేరు. అందుకే మొదట్లోనూ చివర్లోనూ సీఓడీ (నీళ్లలోని సేంద్రియ పదార్థాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) చేయించండి. ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి దేశంలో సాధారణ పరిమితి సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు, బీఓడీ (సూక్ష్మజీవులు దాన్ని తినడానికి కావలసిన ఆక్సిజన్) 30, పీహెచ్ 5.5 నుంచి 9. తేటనీళ్లు ఈ గీత దాటి ఉండటం అరుదేమీ కాదు.

ఐదో మెట్టు: అసలు తొట్టి నీళ్లు

ల్యాబ్‌లో పనిచేసిన పొడి తొట్టి నీళ్లలో చతికిలబడటానికి సాధారణ కారణం ఒకటుంది. పట్టు జిగురు తీయడానికి సబ్బు, సోడాలతో ఉడకేసిన నీళ్లూ, రంగు తొట్టి నీళ్లూ ఒకే కాలవలో కలుస్తాయి. ఆ జిగురు సెరిసిన్ అనే ప్రొటీన్. పొడి రేణువుల చుట్టూ పొరలా పట్టేస్తుంది, సబ్బు నురగ వేరే. ఏ పొడి వాడినా ముందు ఈ రెండు నీళ్లనూ వేరు చేయాలి. ఒక పైపు మార్చడంతో వచ్చే లాభం మూడు నెలల పరిశోధనతో రాదు.

తొట్టి నీళ్లు చిక్కగా ఉంటే వెలుగు పై పొరలోనే ఆగిపోతుంది, లోపల పొడి చీకట్లో ఊరికే తిరుగుతుంది. ముందు పటికతో చిక్కటి భాగం దించి, మిగిలిన లేత రంగును వెలుగుకు అప్పగించండి. పట్టుకు వాడే ఆసిడ్ డైలు రుణావేశం గలవి, తొట్టి పీహెచ్ ఎలాగూ 4–5 దగ్గరే ఉంటుంది, అక్కడ టైటానియా ఉపరితలం ధనావేశంతో వాటిని దగ్గరకు లాగుతుంది. కాబట్టి ముందే సున్నం వేసి తటస్థం చేయకండి. వెలుగు పని అయ్యాక చేయండి. మిథిలీన్ బ్లూ ధనావేశం గలది కాబట్టి దానికి ఇదంతా తలకిందులు, అందుకే ల్యాబ్ పీహెచ్‌ను తొట్టికి తెచ్చి వాడకూడదు. బోరు నీళ్లలో బైకార్బొనేటు, తీరం దగ్గర బావుల్లో క్లోరైడు ఎక్కువైతే అవి చురుకైన రాడికల్స్‌ను ముందే మింగేస్తాయి. అదే ప్రయోగం డిస్టిల్డ్ వాటర్‌తోనూ, మీ బోరు నీళ్లతోనూ పక్కపక్కన చేస్తే తేడా తెలిసిపోతుంది.

పొడిగా వాడితే దాన్ని తిరిగి పట్టుకోవడం పెద్ద తలనొప్పి. సెంట్రిఫ్యూజ్ బీకరుకు సరిపోతుంది, తొట్టికి కాదు. జారిపోయిన పొడి ఋషికుల్యలోకో మహేంద్రతనయలోకో చేరితే అది కొత్త కాలుష్యం. కాబట్టి పళ్లెం స్థాయికి వెళ్లేటప్పుడు గాజుకు అతికించండి. గాజు పలకలను గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరబెట్టి తూచండి. మిల్లీలీటరు ఇథనాల్‌కు 20 మిల్లీగ్రాముల పొడి చొప్పున కలిపి, రెండో మెట్టులో చేసిన తేట టైటానియా ద్రావణం కొద్దిగా జిగురుగా చేర్చి, ముంచి, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. మూడుసార్లు ఇలా చేసి 400 దగ్గర గంట కాల్చండి. కుళాయి ధార కింద రెండు నిమిషాలు పట్టి, ఆరబెట్టి, మళ్లీ తూచండి. పూత బరువులో పదో వంతు కన్నా ఎక్కువ రాలితే గాజు చాలినంత గరుకు కాలేదు. పలకల మీద నీటి లోతు 2–3 సెంటీమీటర్లు మించకూడదు. వేగం పొడితో వచ్చినంత రాదు, రంగు పలక దాకా నడిచి రావాలి కదా. గాలి పంపు ఇక్కడ మరింత అవసరం.

నాలుగైదు వాడకాల తర్వాత పలక మందగిస్తే, ముక్కలైన రంగు పదార్థాలు ఉపరితలం మీద పట్టినట్టు. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి లైటు కింద రెండు గంటలు ఉంచండి, చాలావరకు తనను తానే కడుక్కుంటుంది. అప్పటికీ తేరుకోకపోతే 350 డిగ్రీల దగ్గర గంట కాల్చి చూడండి. పూత గీరి తీసిన పాత పొడినీ, పటిక బురదనూ, సీఓడీ పరీక్షలో మిగిలే క్రోమియం, పాదరసం ఉన్న ద్రావణాన్నీ మూడు వేర్వేరు మూత డబ్బాల్లో, పేరూ తేదీ రాసి ఉంచండి. మూడోది ఏ పరిస్థితిలోనూ సింకులో పోయొద్దు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించాలి.